టర్బో లారీలో మసి: నడిచే ఇంజనులోకి స్ప్రే కొట్టకండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. 2018లో కొన్న బీఎస్4 లారీ ఉంది. టర్బో, కామన్ రైల్ డీజిల్ ఇంజను. చెరువుల మీద పట్టుబడికి వెళ్లి చేపల ట్రేలు ఎక్కించుకుని భీమవరంలో దింపి రావడమే దాని పని. ఏడాదిగా పికప్ పడిపోయింది. లోడుతో వంతెన ఎక్కితే వెనకంతా నల్లపొగ. డీజిల్ కూడా ఎక్కువ తాగుతోంది. లోపల కార్బన్ పట్టేసిందని మెకానిక్ చెప్పాడు. టెక్సాస్‌లో ఉన్న మా బావమరిది తన ఫోర్డ్ పికప్ ట్రక్కు ఇంజను నడుస్తుండగానే గాలి గొట్టంలోకి ఒక స్ప్రే కొట్టి శుభ్రం చేసిన వీడియో పంపాడు. అలాంటి డబ్బా ఒకటి తెప్పించాను. మెకానిక్ మాత్రం అవన్నీ ఎందుకు, పొగని మళ్లీ ఇంజనులోకి తిప్పే ఈజీఆర్‌కి రేకు పెట్టి మూసేద్దాం అంటున్నాడు. అమెరికాలో వాల్‌నట్ పెంకుల పొడితో కూడా కొడతారట. మన దగ్గర కొబ్బరి చిప్పల పొడో, ఊకో వాడొచ్చా? మా తమ్ముడు బీఎస్6 బండి కొన్నాడు, దానికీ ఇవన్నీ చేయించాలా?

సమాధానం: ముందు ఆ డబ్బా పక్కన పెట్టేయండి. మీ బావమరిది గారు చెప్పింది తప్పని కాదు. ఆయన బండి వేరు, మీ బండి వేరు. ఫోర్డ్ ఎఫ్-150లో 2011 మోడల్ నుంచి వస్తున్న ఎకోబూస్ట్ ఇంజను పెట్రోలుది. పాత పెట్రోలు ఇంజన్లలో ఇంజెక్టరు పెట్రోలుని ఇన్‌టేక్ వాల్వు వెనక చల్లేది. పెట్రోలులో కలిపే డిటర్జెంటు ఆ వాల్వుని ఎప్పటికప్పుడు కడిగేసేది. డైరెక్ట్ ఇంజెక్షన్ వచ్చాక పెట్రోలు తిన్నగా సిలిండరులోనే పడుతోంది. ఇక వాల్వుని కడిగే దిక్కు లేదు. ఇంజను అడుగు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి దాని మీద పడి, మాడి, గట్టి పెచ్చు కడుతుంది. 2017 మోడల్ 3.5 లీటర్ల ఇంజనుకి ఫోర్డ్ పోర్టులో, అంటే వాల్వుకి ముందున్న గాలి దారిలో, చల్లే ఇంజెక్టర్లను కూడా చేర్చింది. పెచ్చు కట్టే పెట్రోలు ఇంజన్లలో అది పల్చగా ఉన్నప్పుడు స్ప్రే కొంత పనిచేస్తుంది. అదీ కొంతే.

మన లారీల్లో డీజిల్ కూడా నేరుగా సిలిండరులోనే పడుతుంది కాబట్టి వాల్వుని కడిగేది ఇక్కడా ఏమీ లేదు. దానికి తోడు ఈజీఆర్ ఒకటి. సైలెన్సరు వైపు పోవాల్సిన పొగలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పి, కొత్త గాలిలో కలిపి మళ్లీ ఇంజనుకే పంపుతుంది. అలా పంపితే సిలిండరులో మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. ఇది కాలుష్య నిబంధనల కోసం చేసిన ఏర్పాటు. తిరిగొచ్చే పొగలో మసి ఉంటుంది. ఇంజను అడుగు ఆవిరిని వదిలే బ్రీథరు గొట్టం నుంచి, గాలిని నొక్కి పంపే టర్బో నుంచి వచ్చే గాలిలో సన్నటి ఆయిల్ తుంపర ఉంటుంది. రెండూ సిలిండర్లకి గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు దగ్గర కలుస్తాయి. దీపం మసిలో ఆముదం కలిపితే కాటుక అయినట్టు, అక్కడ నల్లటి, జిగురు ముద్ద తయారవుతుంది. వేలు పెట్టి తీస్తే వేలంతా పట్టుకుంటుంది, సబ్బుతో కూడా ఓ పట్టాన వదలదు. మానిఫోల్డు దారి సగానికి సగం మూసుకుపోయిన ఇంజన్లు షెడ్లలో కనిపిస్తూనే ఉంటాయి.

అంత ముద్ద ఉన్నచోట, ఇంజను నడుస్తుండగా స్ప్రే కొడితే అది కరిగి మర్యాదగా బయటికి పోదు. పెళ్లలుగా ఊడుతుంది. ఊడిన పెళ్ల వాల్వుకి, సీటుకి మధ్య ఇరుక్కోవచ్చు. సిలిండరు దాటి బయటపడితే తర్వాత ఎదురయ్యేది టర్బో చక్రం. నిమిషానికి లక్ష చుట్ల లెక్కన తిరిగే రెక్కలకి చిన్న గట్టి పలుకు తగిలినా చాలు.

ఇంకో ప్రమాదం ఇంతకన్నా పెద్దది. డీజిల్ ఇంజనుకి స్పార్కు ప్లగ్గు ఉండదు. మండే పదార్థం ఏది గాలితో పాటు లోపలికి పోయినా, నొక్కుడు వేడికే అంటుకుంటుంది. స్ప్రే ఎక్కువైనా, టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరు అడుగున నిలిచిన ఆయిల్ కరిగి ఒక్కసారిగా వచ్చినా, ఇంజను దాన్నే ఇంధనంగా తాగి రేసు ఎత్తుకుంటుంది. తాళం తీసేసినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది ఇంజెక్టర్లనే. పొరపాటున ఎప్పుడైనా అలా జరిగితే, బండి ముందు మనుషుల్ని తప్పించి, బ్రేకు బలంగా తొక్కిపెట్టి, పై గేరు వేసి క్లచ్చు వదిలేసి ఇంజనుని ఆపేయాలి. లేదా గాలి వచ్చే దారిని గట్టి చెక్కతో మూసేయాలి. చేయి మాత్రం అడ్డం పెట్టకండి. మసి కడుగుతుందని గాలి దారిలోకి నీళ్లు పోసేవాళ్లు కూడా ఉన్నారు. నీళ్లు నొక్కుడుపడవు, సిలిండరులో కాస్త ఎక్కువ చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

టౌన్లలో హైడ్రోజన్ మిషను తగిలించి గంటలో కార్బన్ తీసేస్తామని బోర్డులు పెడుతున్నారు. మీరు అడగలేదు గానీ రేపు ఎవరో ఒకరు చెబుతారు. ఆ వాయువు మండేది సిలిండరులో. మీ ముద్ద ఉన్నది దానికి ముందు, మంట లేని చల్లటి చోట. దాన్ని అది ముట్టుకోదు. ట్యాంకులో పోసే మందు కూడా ఇంజెక్టరు మొనకి ఏమైనా మేలు చేస్తుందేమో గానీ, మానిఫోల్డు దాకా డీజిల్ వెళ్లనే వెళ్లదు కదా, అక్కడ ఏం కడుగుతుంది?

ఇప్పుడు అసలు మాట. మెకానిక్ కార్బన్ అన్నాడు, నిజమే అయ్యుండొచ్చు. కానీ నల్లపొగకి, పికప్ పోవడానికి కార్బన్ కన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి. అవి చూడకుండా మానిఫోల్డు కడిగిస్తే ఆరు నెలలకి మళ్లీ అదే ముద్ద, మళ్లీ అదే ఖర్చు.

మొదట ఇంటర్‌కూలరు హోసులు చూడండి. నేను పందెం కాయాల్సివస్తే వీటి మీదే కాస్తాను. టర్బో నుంచి ఇంటర్‌కూలరుకి, అక్కడి నుంచి ఇంజనుకి వెళ్లే లావు రబ్బరు గొట్టాలివి. పైనుంచి చూస్తే శుభ్రంగా ఉంటాయి. చేయి కిందికి పెట్టి క్లిప్పు చుట్టూ తడమండి. చేతికి నల్లగా, తడిగా ఆయిల్ అంటితే అక్కడ గాలి కారుతున్నట్టే. క్లిప్పు కొరికిన చోట రబ్బరు చీలుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది, లోడు మీద టర్బో ఒత్తిడి వస్తేనే తెరుచుకుంటుంది. సెన్సరు లెక్కపెట్టిన గాలి సగం దారిలోనే పోతుంటే, డీజిల్ మాత్రం పూర్తి గాలికి సరిపడా పడుతుంది. అదే నల్లపొగ. ఆ పొగే ఈజీఆర్ గుండా వెనక్కి వచ్చి మానిఫోల్డులో చేరుతుంది.

ఎయిర్ ఫిల్టరు సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. ఎండాకాలం చెరువు గట్ల మీద దుమ్ము, మాసూళ్ల రోజుల్లో రోడ్డంతా ధాన్యం ధూళి, రైస్ మిల్లు పక్కన ఆపితే ఊక. కిలోమీటర్ల లెక్క చూసుకుని ఫిల్టరు మార్చే పద్ధతి మన ప్రాంతానికి సరిపడదు. విప్పి చూసి మార్చాలి. కంప్రెసరు గాలితో కొట్టి మళ్లీ బిగించే అలవాటు ఉంటే మానుకోండి. కాగితం చిరిగితే కంటికి కనబడదు, ఆ దుమ్ము వెళ్లి పడేది టర్బో మీదే.

ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాటు ఉందో లేదో కూడా అడగండి. బండి వేడెక్కుతోందంటే దాన్ని పీకి పారేయడం మన షెడ్లలో పాత వైద్యం. అది లేకపోతే ఇంజను సరైన వేడికి రాదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటుంది. చల్లటి ఇంజనులో డీజిల్ సరిగ్గా మండక మసి ఎక్కువ పుడుతుంది, ఆయిల్ కూడా చెడుతుంది. మీవి పొట్టి ట్రిప్పులు కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. అరగంటలో భీమవరం చేరిపోయే బండి, థర్మోస్టాటు కూడా లేకపోతే, పూర్తిగా వేడెక్కకుండానే పని ముగించుకుంటుంది.

ఆ తర్వాత ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడమనండి. పొగ బుసబుసమని కొడితే పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు. బ్రీథరు నుంచి ఆయిల్ ఎక్కువగా వస్తుంటే ఎంత కడిగినా ముద్ద ఆగదు. టర్బో షాఫ్టుకి ఆట ఎంతుందో, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే రిటర్ను డీజిల్ అన్నిటికీ సమానంగా వస్తుందో లేదో కూడా చూడాలి. ఒక ఇంజెక్టరు కారుతున్నా పొగ వస్తుంది. ఇంజను కంప్యూటరుని చదివే స్కానరు పెట్టి టర్బో ఒత్తిడి ఎంత అడుగుతోంది, ఎంత వస్తోంది, ఈజీఆర్ వాల్వుని మూయమంటే నిజంగా మూసుకుంటోందా అన్నవి చూస్తే సగం గుట్టు అక్కడే తెలిసిపోతుంది. స్కానరు లేకుండా ‘‘కార్బనే అండి బాబూ’’ అనే షెడ్డు కన్నా, స్కానరు ఉన్న షెడ్డుకి వెళ్లడమే నయం.

ఇవన్నీ చూశాక మసే అని తేలితే విప్పించి, చేత్తో కడిగించండి. దీనికి దగ్గరి దారి లేదు. ఒక పూటలో అయ్యే పని కాదు, పట్టుబడులు లేని రెండు రోజులు చూసుకోండి.

ఇంజను పూర్తిగా చల్లారాక కూలెంటు దించాలి, బ్యాటరీ మైనస్ తీసేయాలి. ఈజీఆర్ బోల్టులు వేడికి బిగుసుకుపోయి ఉంటాయి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచమనండి. తొందరపడి తిప్పితే స్టడ్డు హెడ్డులోనే విరుగుతుంది, కడుగుడు పని కాస్తా లేతు పని అవుతుంది. విప్పే ముందు వైర్లు, గొట్టాలు ఎక్కడివక్కడ ఫోన్లో ఫొటోలు తీయించండి.

విప్పిన మానిఫోల్డుని కార్బన్ క్లీనర్లోనో, డీజిల్లోనో నానబెట్టి నైలాన్ బ్రష్షుతో తోమాలి. కాస్టిక్ సోడా మాత్రం వద్దని ముందే చెప్పండి. పాత ఇనప బ్లాకుల్ని కాస్టిక్ నీళ్లలో మరగబెట్టిన చేతులు ఇప్పటికీ దాని వైపే పోతాయి. మానిఫోల్డు అల్యూమినియందైతే కాస్టిక్ దాన్ని తినేస్తుంది, పైగా బుడగలు బుడగలుగా హైడ్రోజన్ వాయువు వస్తుంది. పక్కన బీడీ వెలిగిస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఈజీఆర్ వాల్వు కడిగేటప్పుడు మోటారు, వైరింగు ఉన్న భాగం పైకి, మసి పట్టిన నోరు కిందికి ఉండేలా పట్టుకోవాలి. తిరగేసి పట్టుకుంటే క్లీనరు మోటారులోకి దిగుతుంది. ఈజీఆర్ కూలరుని కడిగాక గాలి ఒత్తిడి పెట్టి, నీళ్లలో ముంచి కారుతోందేమో చూడాలి. ఇప్పటికే మీ బండిలో కూలెంటు కారణం తెలియకుండా తగ్గుతుంటే, ఆ మాట మెకానిక్‌కి ముందే చెప్పండి.

హెడ్డులోని పోర్టులు, వాల్వులే అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సిన చోటు. పుల్లీ దగ్గర స్పానరు పెట్టి ఇంజనుని చేత్తో తిప్పి, ఏ సిలిండరుని కడుగుతున్నామో దాని ఇన్‌టేక్ వాల్వులు పూర్తిగా మూసుకున్నాయని చూసుకున్నాకే ముట్టుకోవాలి. మిగతా పోర్టుల్ని గుడ్డతో మూయాలి. ఆ గుడ్డ షెడ్డులో దొరికే బనియన్ వేస్టు ముక్క కాకూడదు. దాని దారాలు ఊడి లోపలే ఉండిపోతాయి. ఒక్కో పోర్టుకి పెద్ద, రంగు గుడ్డ ఒకటి పెట్టి, కొస బయటికి వేలాడేలా ఉంచి, ఎన్ని పెట్టారో బిగించేముందు లెక్కపెట్టుకోవాలి. క్లీనరు పోసి నానబెట్టి, ప్లాస్టిక్ పట్టీతో గీకి, ఊడింది వ్యాక్యూముతో లాగేయాలి. కంప్రెసరు గాలి కొట్టకూడదు, అది మసిని లోపలికి తోస్తుంది.

వాల్‌నట్ పెంకుల పని కూడా ఇక్కడే. పెచ్చుని ఊడగొట్టేంత గట్టిగా ఉండి, లోహాన్ని గీయనంత మెత్తగా ఉంటుందని ఆ పొడిని వాడతారు. అదీ వాల్వు మూసి, పోర్టుకి సరిపడే మూతి తగిలించి, ఒకవైపు కొడుతూ ఇంకోవైపు వ్యాక్యూముతో లాగుతూ చేసే పని. పెట్రోలు ఇంజను వాల్వుల మీది ఎండిన పెచ్చుకి బాగా పనికొస్తుంది. మన డీజిల్ ముద్ద తడిది, పొడి దానికి అంటుకుని పేస్టులా తయారవుతుంది. ముందు క్లీనరుతో తుడిచాక మిగిలిన గట్టి పొర మీదైతే పనిచేస్తుంది. ఊక గురించి మీరు అడిగింది మంచి ప్రశ్నే, మన జిల్లాల్లో ఊకకి కరువేముంది! కానీ ఊకలో సిలికా ఉంటుంది. కాలిస్తే మిగిలే బూడిదలో ఎక్కువ భాగం అదే. సిలికా అంటే ఇసుకే. చిటికెడు సిలిండరులో పడినా గోడల్ని గీస్తుంది. కొబ్బరి చిప్పల పొడిని మెత్తటి రాపిడి సామాను కిందే వాడతారు, కాదనను. కాకపోతే అది ఒకే సైజుకి జల్లెడ పట్టి, పూర్తిగా ఆరబెట్టినది అయ్యుండాలి. ఊళ్లో మిల్లులో ఆడించిన చిప్పల పొడిలో పీచు, పిండి, పెద్ద పలుకులు, నేల మీది ఇసుక కలిసే ఉంటాయి. మీ బండికి అసలు ఆ అవసరం వస్తుందనుకోను, నానబెట్టి గీకితే చాలు.

ఇంటర్‌కూలరుని వదిలేయకండి. దించి అందులో నిలిచిన ఆయిల్ వంపి, డీజిల్‌తో కడిగి, ఒక రోజంతా బోర్లా ఆరబెట్టాలి. తడి ఉండగా బిగిస్తే ఇందాక చెప్పిన రేసు ప్రమాదం ఇక్కడే వస్తుంది. లోపల పల్చటి ఆయిల్ పొర కనిపిస్తే కంగారు వద్దు, టర్బో బండికి అది మామూలే. గరిటెలతో తోడేంత ఉంటే టర్బో సీళ్లని అనుమానించాలి. టర్బోని సరదాకి విప్పించకండి. రెక్కల కోణం మారే రకమై, అవి మసికి బిగుసుకున్నాయని తేలితే టర్బో పనే చేసే షెడ్డుకి పంపండి. దాని చక్రాన్ని కంప్రెసరు గాలితో తిప్పి చూపించే మెకానిక్ చేతిలోంచి వెంటనే తీసేసుకోండి. ఆయిల్ లేకుండా తిరిగితే బేరింగు పోతుంది.

బిగించేటప్పుడు గ్యాస్కెట్లన్నీ కొత్తవి వేయించండి. ఈజీఆర్ వాల్వు కొత్త స్థానాన్ని స్కానరుతో ఇంజను కంప్యూటరుకి నేర్పించే పద్ధతి మీ మోడల్లో ఉంటే అదీ చేయించండి. కడిగిన నల్లటి డీజిల్‌ని షెడ్డు వెనక పంట బోదెలోకి వదలనీయకండి. ఆ నీళ్లు వెళ్లి చేరేది ఎవరో ఒకరి చెరువులోకే.

ఈజీఆర్‌కి రేకు పెట్టడం గురించి. నిజం చెప్పాలంటే, మూసేస్తే మానిఫోల్డు శుభ్రంగానే ఉంటుంది, మీ మెకానిక్ ఆ మాట ఊరికే అనలేదు. కానీ అది చట్టానికి విరుద్ధం. కంపెనీ అమర్చిన కాలుష్య పరికరాన్ని పనిచేయకుండా చేయకూడదు. ఫిట్‌నెస్ దగ్గర దొరికితే మీకే ఇబ్బంది. కంప్యూటరు కూడా ఊరుకోదు, లైటు వేసి పవరు తగ్గించేస్తుంది. అప్పుడు దాన్ని మోసం చేయడానికి ఇంకొకడికి డబ్బులివ్వాలి. నేనైతే ఆ దారి చెప్పను.

మళ్లీ మసి పట్టకుండా ఉండాలంటే మీ చేతిలో ఉన్నది ముఖ్యంగా ఒకటే. చెరువు గట్టు మీద వలలు లాగి, తూకం అయ్యేదాకా ఇంజను ఆన్‌లో ఉంచే అలవాటు మానిపించండి. మీవి ఐసు వేసిన ట్రేలే కాబట్టి వాటికి ఇంజనుతో పనిలేదు. డ్రైవరు ఏసీ కోసమో, మళ్లీ స్టార్టు అవుతుందో లేదోననో ఉంచేస్తాడు. స్టార్టు టెన్షన్ ఉంటే బ్యాటరీ మార్చండి, అదే చవక. వారానికోసారైనా దూరం కిరాయి ఒప్పుకోండి. మార్టేరు, పెనుగొండ మీదుగా సిద్ధాంతం వెళ్లి జాతీయ రహదారి 16 ఎక్కి, లోడుతో ఒకే వేగంలో ఓ గంట నడిస్తే ఇంజను, టర్బో బాగా వేడెక్కుతాయి. పాత ముద్ద దీంతో పోదు, కొత్తది నెమ్మదిస్తుంది. అలా నడిచి ఆగిన వెంటనే మాత్రం తాళం తీయకుండా రెండు మూడు నిమిషాలు ఐడ్లింగులో ఉంచాలి. లేకపోతే టర్బోలో నిలిచిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది.

ఇక మీ తమ్ముడి బండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండి అంటే సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టరు, డీపీఎఫ్, ఉంటుంది. దానికి నల్లపొగ రాకూడదు. వస్తే ఫిల్టరు పగిలిందనో, ఎవరో తీసేశారనో అర్థం. వారంటీ ఉండగా, లైటు వెలగకుండా, పికప్ బాగుంటే ఏదీ విప్పించకండి. ఆ ఫిల్టరు పట్టిన మసిని అదే కాల్చుకుంటుంది, ఆ సమయంలో లోపల వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. అందుకే బండి ఆపి ఆ పని చేయించేటప్పుడు ఎండుగడ్డి మీద, కొబ్బరి పీచు గుట్టల పక్కన, కళ్లాల్లో నిలపకూడదని గట్టిగా చెప్పండి. మధ్యలో ఇంజను ఆపేయడం పదేపదే జరిగితే, మసి కాల్చడానికి పోసిన డీజిల్ కాలకుండా ఇంజను ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి కనిపిస్తే చాలావరకు కారణం అదే, వెంటనే ఆయిల్ మార్చేయాలి. ఆయిల్ కూడా మీ లారీకి మిగిలినది పోయకుండా, ఆ బండి పుస్తకంలో రాసిన గ్రేడే కొనిపించండి. మామూలు ఆయిల్ మండితే మిగిలే బూడిద ఆ ఫిల్టరులో చేరుతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. అది నిండిపోతే ఫిల్టరు దించి కడిగించాల్సిందే.